ఫోటోగ్రాఫరు కావలెను

మా మనవరాలి పెళ్ళి కుదిరింది. ముహూర్తం కుదిరింది, హాలు కుదిరింది, వంటవాళ్ళు కూడా కుదిరారు. కుదరనిదల్లా ఫోటోగ్రాఫరే! ఇంట్లో నెల రోజులుగా ఇదే చర్చ. పెళ్ళికొడుకుని ఒక్క పూటలో ఒప్పుకున్న పిల్ల, ఫోటోగ్రాఫరు దగ్గరికొచ్చేసరికి పదకొండు మందిని వద్దంది. ఫోనులో వాళ్ళు తీసిన బొమ్మలు చూపించి "ఎలా ఉన్నాయి అమ్మమ్మా?" అంటుంది. నా కళ్ళకి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అందరు పెళ్ళికూతుళ్ళూ కిటికీ వైపు చూసి నవ్వుతున్నారు. కిటికీలో ఏముందో మరి!

"ఎవరైతేనేం, మీట నొక్కడమేగా" అన్నారు మా వారు, పేపరు అడ్డం పెట్టుకుని.

మీట నొక్కడమే అయితే నాకూ పట్టేది కాదు. ఫోటోగ్రాఫరుని ఎంచుకోవడమంటే, ఆ ఇంటి పెళ్ళిలో ఎవరు ఉన్నట్టు, ఎవరు లేనట్టు అన్నది అతని చేతిలో పెట్టడమే. ఆ సంగతి మా వారికి చెబితే నవ్వుతారు. మీతో చెప్పుకుంటాను.

ఫోటో అనేది లోకానికి తెలిసింది 1839లో, పారిస్ నగరంలో. ఆ తర్వాత కొద్ది కాలానికే అది మన దేశంలోని పెద్ద పట్నాలకి వచ్చేసింది. వచ్చింది గానీ, ఆడవాళ్ళ దగ్గరికి రావడానికి చాలా కాలం పట్టింది. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందనే భయం ఒకటి. పరాయి మగాడి ఎదుట కదలకుండా కూర్చోవడం, అతను నల్లగుడ్డ కప్పుకుని మనల్నే చూస్తూండడం మరొకటి. రెండోదే అసలు చిక్కు అనుకుంటాను.

ఆ చిక్కు విప్పిన వాళ్ళలో మన హైదరాబాదు ఫోటోగ్రాఫరు ఒకాయన ఉన్నాడు. ఆయనే రాజా దీనదయాళ్. పుట్టింది 1844లో, మీరట్ దగ్గర సర్ధానాలో. రూర్కీలో ఇంజనీరింగు చదువుకుని ఇండోర్‌లో నక్షాలు గీసే ఉద్యోగం చేసేవాడు. సరదాగా పట్టుకున్న కెమెరా చివరికి ఉద్యోగాన్ని మానిపించింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గారికి ఆస్థాన ఫోటోగ్రాఫరై, 1894లో 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' అనే బిరుదు పొందాడు. కోటలు, వేటలు, విందులు, దర్బారులు, ఆయన తీయనిది లేదు. గాజుపలకల మీద తీసిన ఆ నెగటివులు 2,857, ఇవాళ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

అయితే నవాబుల ఇళ్ళల్లో సగం మంది పరదా వెనక ఉండిపోయారు. అంత పేరున్న మనిషి కూడా ఆ తెర దాటి లోపలికి పోలేడు గదా! అందుకని 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే వేరే స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపలికి మగ పురుగు రాకూడదు. మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసానికి ఆ స్టూడియో అప్పజెప్పాడు. పల్లకీలో వచ్చిన ఏ బేగమో ముసుగు తీసి ఆమె ఎదుట కూర్చున్నప్పుడు ఎలా ఉండి ఉంటుందా అని ఆలోచిస్తూంటాను. అద్దం తప్ప ఎవరూ చూడని ముఖం. గమనించారా, అక్కడ కెమెరా ఏదన్నది ప్రశ్న కాదు, కెమెరా వెనక ఎవరున్నారన్నదే ప్రశ్న. నూటముప్ఫై ఏళ్ళు దాటినా నాకు ఆ ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది.

మా కృష్ణాజిల్లా ఇళ్ళల్లో పరదాలు లేవు. వెనకవసారా ఉండేది. అది పరదాకి ఏం తీసిపోదు.

మా అమ్మమ్మల కాలంలో ఫోటోగ్రాఫరు పెళ్ళికి వచ్చేవాడు కాదు, పెళ్ళే అతని దగ్గరికి వెళ్ళేది. పదహార్రోజుల పండగ అయ్యాక ఎప్పుడో దంపతులిద్దరూ బస్తీకి వెళ్ళి స్టూడియోలో దిగేవారు. వెనక తెర మీద చెరువూ, స్తంభాలూ, ఎక్కడికీ పోని మెట్లూ! ఆయన కుర్చీలో కూర్చుంటాడు, ఆవిడ పక్కన నుంచుని కుర్చీ మీద చెయ్యి వేస్తుంది. ఆ ఒక్క ఫోటోయే పెళ్ళి ఫోటో. ఎంపిక అనే మాటే లేదు, ఊరికి ఒక్కడే ఉండేవాడు. తర్వాత్తర్వాత కెమెరాలు చిన్నవై, ఫ్లాష్ బల్బులొచ్చి, ఫోటోగ్రాఫరు పందిట్లోకి అడుగుపెట్టాడు.

నా పెళ్ళి 1974లో. గుడివాడ దగ్గర పల్లెటూరు, అర్ధరాత్రి దాటాక ముహూర్తం. ఫోటోగ్రాఫరుని మా నాన్నగారు ఎంచారు. ఎంచారంటే, రోలుకి ఇంత అని బేరమాడి, భోజనం మనదే అని ఒప్పించారు. పైనించి తొంగిచూసే రెండు కళ్ళ కెమెరా, భుజాన బ్యాటరీ పెట్టె. రోలుకి పన్నెండే ఫోటోలు, రెండు రోల్సు. అప్పట్లో ఫిల్ము దొరకడమే గగనం. ఊటీలో ప్రభుత్వం వారి హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి 'ఇందు' పేరుతో నలుపూతెలుపూ ఫిల్ము తయారుచేస్తున్నా, విదేశీ ఫిల్ముకీ దానికీ కూడా తడుముకోవాల్సిందే. అందుకని అతను ఒక్కొక్క మీటా రూపాయి లెక్కపెట్టినట్టు నొక్కాడు. సరిగ్గా మంగళసూత్రం కట్టే వేళకి రోలు అయిపోయింది. ఆల్బంలో మా వారు మూడో ముడి వేస్తున్న ఫోటో ఉంది చూశారూ, అది ముళ్ళన్నీ పడ్డాక "ఇంకోసారి వంగండి సార్" అంటే వంగినప్పటిది!

నల్ల అట్టల ఆల్బం, మధ్యలో సాలెగూటి గీతల పల్చటి కాగితాలు. రెండు ఫోటోలు పాడయ్యాయి, ఇరవైరెండు మిగిలాయి. పంచాయతీ ప్రెసిడెంటుగారు మూడింట్లో ఉన్నారు. మా అమ్మ ఒకదాన్లో సగం ఉంది. మామ్మ దేన్లోనూ లేదు.

మా అమ్మకి వరసగా పిల్లలు పుట్టడంతో నన్ను పెంచింది మామ్మే. నా జడలు ఆవిడే వేసింది, నా చలిమిడి ఆవిడే చేసింది. చిన్నప్పుడే తాతయ్య పోయాడు. శుభకార్యంలో ఎదురుపడకూడదని తెల్లచీర చెంగు బిగించుకుని ఆ రెండ్రోజులూ వెనకవసారాలోనే ఉండిపోయింది. ఫోటోగ్రాఫరుని ఏమనగలం? అతన్ని పందిట్లోకి పిలిచారు, వెనకవసారాలోకి ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు. పీటల మీద తలొంచుకుని కూర్చుని, తల ఎత్తితే బాగుండదని భయపడుతున్నాను.

మూడేళ్ళకి మామ్మ పోయింది. పన్నెండో రోజున గోడకి పెట్టడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతికారు. దొరకలేదు.

మా అమ్మాయి పెళ్ళి 1996లో. అప్పటికి వీడియో వచ్చేసింది. ఫోటోగ్రాఫర్ల ఎంపికలో మా వారు తమ తెలివి చూపించి, పెద్ద లైట్లు ఎక్కువున్న వాణ్ణి కుదిర్చారు. చుట్టాలంతా కళ్ళకి చేతులడ్డం పెట్టుకుని అక్షింతలు వేశారు. వేదిక ముందు కెమెరాల వాళ్ళ వీపులే గానీ మాకు పెళ్ళి కనబడలేదు. తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి మా అమ్మాయి ముఖం వచ్చేలా క్యాసెట్టు తయారుచేసిచ్చారు. ఇప్పుడది ఆడించే యంత్రం ఇంట్లో లేదు, క్యాసెట్టుకి బూజు పట్టింది. నల్ల అట్టల ఆల్బం మాత్రం నిక్షేపంలా ఉంది.

ఇదంతా తలుచుకునే ఈసారి నేనూ కూర్చుంటానన్నాను. వచ్చిన ప్రతివాళ్ళనీ ఒక్కటే అడిగాను: "జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మీరెక్కడ నిలబడతారు?" మన ముహూర్తం అదే గదా! ఒకతను "డ్రోన్ పైనుంచి కవర్ చేస్తుందండీ" అన్నాడు. హాలుకి కప్పుందయ్యా అన్నాను. ఇంకొకతను ఎంచి ఎంచి పెట్టిన ఇరవై బొమ్మలు చూపించాడు. ఒక్క పెళ్ళి మొదటినుంచి చివరిదాకా చూపించమంటే నీళ్ళు నమిలాడు. మీ ఇంట్లో పెళ్ళి ఉంటే ఇది మాత్రం తప్పకుండా అడగండి. అన్నట్టు, మాట్లాడడానికొచ్చిన మనిషే పెళ్ళికి వస్తాడా, ఇంకొకర్ని పంపుతాడా అన్నది కూడా.

పన్నెండో మనిషి ఒక అమ్మాయి. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. "పంతులుగారి ఎడంపక్క, కిందకి కూర్చుంటానండీ. ఎదురుగా నిలబడితే తెర తీసినప్పుడు వెనకవాళ్ళకి కనబడదు" అంది. నేనింకేం అడగలేదు. తనే అడిగింది: "స్టేజీ ఎక్కలేనివాళ్ళు, ఫోటోలకి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మమ్మగారూ? పేర్లు రాసివ్వండి."

లేచి వెళ్ళి పాత ఆల్బం తెచ్చాను. ఆ పిల్ల ఒక్కొక్క పేజీ తిప్పుతూ తలంబ్రాల ఫోటో దగ్గర ఆగింది. ఫోనుతో దాన్ని ఫోటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి నా ముందు పెట్టింది. చుట్టాల తలల వెనక, నడవ గుమ్మం దగ్గర, ద్వారబంధానికి ఆనుకుని తెల్లగా ఏదో ఉంది. చీర చెంగులాగే ఉంది. యాభై ఏళ్ళుగా చూస్తున్న ఫోటో!

మా వారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. "అది గుమ్మానికి ఆరేసిన తువ్వాలే" అన్నారు.

అయ్యుండొచ్చు. అడ్వాన్సు మాత్రం ఆ పూటే ఇప్పించాను. మా మేనత్తకి తొంభై దాటాయి. ఆవిడా అంతే, ముందుకి రానంటుంది. కాగితం మీద మొదటి పేరు ఆవిడదే రాశాను.