లాగ్ బుక్‌కి ఎక్కని జీపు ప్రయాణాలు

మన ఆఫీసుల చరిత్ర రాసేవారు చట్టాల గురించి, పథకాల గురించి, పెద్ద అధికారుల గురించి రాస్తారు. ఆ పథకాలను ఊళ్ళకు మోసిన జీపు గురించి రాసేవారు తక్కువ. దాన్ని నడిపినవారి గురించి మరీ తక్కువ. కృష్ణా జిల్లాలో పంచాయతీ సమితి గుమాస్తాగా చేరి, కొన్నేళ్ళు జీపు లాగ్ బుక్ రాసినవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

జీపు యుద్ధం కోసం పుట్టిన బండి. 1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి కావాలని 135 కంపెనీలను అడిగింది. నమూనాకు ఇచ్చిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులో చేసి చూపించింది. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. 1940ల చివర మహీంద్రావారు విడిభాగాలు తెప్పించి మన దేశంలోనే జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం, 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ రాజ్ వచ్చాయి. యుద్ధభూమి బండి అలా బ్లాకు ఆఫీసు బండి అయింది.

దాన్ని నడపడం ఈనాటి కార్లు నడిపినంత తేలిక కాదు. మొదటి గేరులో సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా ఆ గేరులోకి దిగాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, యాక్సిలరేటరు ఇచ్చి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. లేకపోతే గేరుబాక్సు ఊరంతా వినబడేలా అరిచేది. పెద్ద గేరు రాడ్డు పక్కన మరో రెండు చిన్న రాడ్లుండేవి. ఒకటి ముందు చక్రాలకు శక్తినిచ్చేది, రెండోది బలం పెంచి వేగం తగ్గించేది. బురదలో ఆ రెండూ ప్రాణం. తారురోడ్డు మీద ముందు చక్రాలు కలిపి నడిపితే మాత్రం మలుపుల్లో గేర్లు బిగుసుకుని రాడ్డు బయటికి రాదు. మా పాత జీపు లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్. ఎదుటి బస్సును దాటాలంటే కుడిపక్క కూర్చున్నవాడు తొంగి చూసి "పోనివ్వండి" అనాలి. ఆ ఉద్యోగం తరచు నాదే.

మా డ్రైవరు సైన్యంలో పనిచేసి వచ్చినవారు. ఆఫీసులో అందరం బాబాయి అనేవాళ్ళం. రోజూ పొద్దున్నే నూనె, నీళ్ళు, టైర్లలో గాలి, ఫ్యాను బెల్టు చూడనిదే బండి తీసేవారు కాదు.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. వేలమంది పోయారు. రోడ్ల మీద కూలిన చెట్లు, పశువుల కళేబరాలు, మోకాలి లోతు బురద. జీపుకి ట్రైలరు తగిలించి బియ్యం, మంచినీళ్ళు మోశాం. నీరు అడ్డొచ్చినచోట బాబాయి కర్రతో ముందు నడిచి లోతు చూసేవారు. ఇంజను మీద నీళ్ళు చిమ్మకుండా ఫ్యాను బెల్టు ఊడదీసేవారు. చిన్న గేరులో ఒకే వేగంతో, మధ్యలో గేరు మార్చకుండా దాటించేవారు. ఒడ్డెక్కాక బ్రేకులు ఆరేదాకా మెల్లగా నొక్కుతూ పోయేవారు.

ఆయనకు జ్వరం వచ్చిన రెండు రోజులు, నాకు లైసెన్సు ఉంది కనుక, బీడీఓ గారి వ్రాతపూర్వక ఉత్తర్వు మీద జీపు నేను నడిపాను. "స్టీరింగు చుట్టూ బొటనవేలు పెట్టకు నాయనా, చక్రం రాయికి తగిలితే అది గిర్రున తిరిగి వేలు విరుస్తుంది" అని పడుకునే చెప్పారు. ఆ మాట అక్షరాలా పాటించాను. సాయంత్రానికి భుజాలు పడిపోయేవి. ఆయన అదే పని ఎన్ని రోజులు చేశారో అప్పుడు తెలిసింది.

లాగ్ బుక్‌లో ఇవేవీ లేవు. బయలుదేరిన చోటు, చేరిన చోటు, కిలోమీటర్లు, పెట్రోలు లీటర్లు, పని: తుపాను సహాయం. అంతే. కొన్ని నెలలకు లెక్కల తనిఖీకి వచ్చినవారు కిలోమీటర్లకు మించి పెట్రోలు ఖర్చయిందని అభ్యంతరం రాశారు. ఆ తేడా డ్రైవరు జీతంలోంచి ఎందుకు వసూలు చేయకూడదని సంజాయిషీ అడిగారు. బాబాయి ఏమీ అనలేదు, కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. చిన్న గేరులో, బురదలో, ట్రైలరు లాగుతూ పోయే బండి ఎందుకు ఎక్కువ తాగుతుందో రెండు పేజీలు రాశాను. బీడీఓ గారు కింద సంతకం చేశారు. అభ్యంతరం పోయింది. ఆయన ఆ రోజుల్లో జీపు ఎలా నడిపారో కాగితం మీదికి ఎక్కింది ఆ సంజాయిషీలోనే.

1980లలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. ఆ జీపు కండెమ్ అయి వేలంలో పోయింది. గడువు తీరిన లాగ్ బుక్కులు తగలబెట్టారు. బాబాయి కూడా ఇప్పుడు లేరు.

మన సంఘంలో రోడ్డు రోలర్లు, టిప్పర్లు, ఆసుపత్రి వ్యాన్లు నడిపిన సభ్యులున్నారు. చాలామంది ఎనభై దాటారు. వారి పిల్లలకు, మనవలకు నా మనవి ఒక్కటే. పక్కన కూర్చుని అడగండి, చెప్పింది రాసిపెట్టండి. ఏ రోడ్డు మీద ఏ గేరు వేశారన్నది కూడా ఈ రాష్ట్ర చరిత్రే.