మన ఎండకు తట్టుకునే తీగ గులాబీ

ప్రబంధాల్లో తోట వర్ణన వచ్చిందంటే మల్లె, మొల్ల, జాజి, సంపెంగ, పొగడ, పొన్న వరసకడతాయి. బి.ఏ. తెలుగులో ఆ పేర్లు బట్టీపట్టిన వాళ్ళం మనలో చాలామందే ఉంటాం. వాటి మధ్య గులాబీ కనబడిన గుర్తు నాకైతే లేదు. పేరే పారసీకం మరి. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. పన్నీటి పేరే పువ్వుకు స్థిరపడిపోయింది.

ఐరోపా వాళ్ళ గులాబీలు కూడా 18వ శతాబ్దం చివరిదాకా చాలావరకు ఏడాదికి ఒక్కసారి పూసి ఊరుకునేవి. చైనా గులాబీలు ఓడలెక్కి, కొన్ని మన కలకత్తా మీదుగా, ఇంగ్లండు చేరాకే మళ్ళీ మళ్ళీ పూసే రకాలు పుట్టాయి. దక్షిణాదిలో దండలకు వాడే ఎడ్వర్డ్ గులాబీ కూడా ఆ కలయిక బిడ్డే. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, కంచెగా వేసిన రెండు రకాల మధ్య పుట్టింది. నర్సరీ వాళ్ళు అంటు కట్టడానికి దీని మొదలును కూడా వాడతారు.

ఇక మన సంగతి. కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెల ఎండ మీకు చెప్పక్కర్లేదు. చుట్టూ అడవి ఉన్నా 45 డిగ్రీలు దాటుతుంది. గోదావరి కింద కడియం నర్సరీల నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న తీగ గులాబీ సంక్రాంతికి విరగబూసి, రోహిణి కార్తెకు కట్టెపుల్లవుతుంది. "నీ చేతివాటం మంచిది కాదమ్మా" అనేస్తారు పెద్దవాళ్ళు. చెయ్యిదేం తప్పు! చలిదేశాల కోసం పుట్టించిన మొక్క అది.

ఈ మాట పట్టించుకున్నవాడు ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐ.ఏ.ఎస్. అధికారి వీరరాఘవన్. ఉద్యోగం ముందుగానే వదిలేసి, భార్య గిరిజగారితో కొడైకెనాల్‌లో స్థిరపడి, వేడిదేశాల గులాబీల మీద పడ్డారు. కలెక్టరు హోదా వదిలి గులాబీ మొక్కలంటే మన ఇళ్ళల్లో ఎంత గొడవయ్యేదో ఊహించండి! గిరిజగారు పక్కన నిలబడటమే కాదు, పనిలోనూ రాతలోనూ సగం మోశారు.

వాళ్ళు ఎంచుకున్నది రోజా జైగాంటియా. 1882లో జార్జ్ వాట్ మణిపూర్ కొండల్లో చూసిన అడవి గులాబీ. చెట్లెక్కి యాభై అడుగులు కూడా దాటే తీగ, అరచేయంత లేత మీగడరంగు పువ్వు. దంపతులిద్దరూ మణిపూర్ వెళ్ళి వెతికి తెచ్చుకున్నారు. దానితో చేసిన తీగరకాల్లో ఒకటి పసుపుపచ్చని 'గోల్డెన్ థ్రెషోల్డ్'. సరోజినీ నాయుడు 1905 నాటి కవితా సంపుటి పేరు, హైదరాబాదులో ఆవిడ ఇంటి పేరు కూడా అదే. ఇంకో పసుపు గులాబీకి వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టారు. 1984లో పోయిన ఆవిడను ఎంతమంది తలుచుకున్నారో గానీ, ఒక పువ్వయితే తలుచుకుంది.

మనకేమో ఇప్పటికీ దొరికేవి ఆ చలిదేశపు రకాలే ఎక్కువ. మన ఎండ కోసం పుట్టినవి మన ఊరి నర్సరీలో అరుదు. అడగండి, పదిమంది ఆడవాళ్ళం అడిగితే తెప్పించకపోతారా!

ఉన్నదాన్ని కాపాడుకోవాలంటే నల్లరేగడిలో నీళ్ళు నిలవనివ్వకండి, గుంటలో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలపండి. మే నెలలో మధ్యాహ్నపు ఎండ పడని తూర్పు గోడ మేలు. మొదట్లో ఎండుటాకులు మందంగా పరిచి పొద్దున్నే నీళ్ళు పోయండి. గులాబీ తీగకు కాకర తీగలా నులితీగలుండవు, మనమే కట్టాలి. నిటారుగా కడితే కొసనే పూస్తుంది. కొమ్మను అడ్డంగా వంచి కట్టారా, కణుపు కణుపుకూ చిగురేసి మొగ్గ తొడుగుతుంది. కత్తిరింపు దసరా దాటాక. అంటు కింద నుంచి చిగురు లేస్తే ముద్దుచేయక మొదలంటా తీసేయండి, అది మీరు కొన్న గులాబీ కాదు, అంటు కింద ఉన్న వేరే రకం.