గిత్త పక్కన నల్లటి నీడ

గోదావరి డెల్టా చరిత్ర రాసినోళ్ళంతా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలెడతారు. 1847 నుంచి 1852 దాకా కట్టారు, నీళ్ళొచ్చాయి, వరి పండింది, ఆసాములు బాగుపడ్డారు. ఆ వరి చేలు దున్నిన పశువుల్ని ఎవరు మేపారన్నది మాత్రం అందులో ఉండదు. నాకది ఫోటో నెగెటివుల్లో కనపడింది.

1970ల చివర్లో రాజమండ్రిలో ఒక స్టూడియోలో పనికి కుదిరాను. పశు ప్రదర్శనలకి ఫోటోలు తీయటానికి వెళ్ళేవాళ్ళం. ఊటీలో తయారయ్యే 'ఇందు' నలుపు తెలుపు ఫిల్ము, రోలుకి పన్నెండే ఫోటోలు. పశువుని ఫోటో తీయటం పెళ్ళికూతుర్ని తీసినంత పని. కెమెరా దాని పొట్ట ఎత్తులో ఉండాలి, లేకపోతే కాళ్ళు పొట్టివైపోతాయి. ముందుకాళ్ళు కాస్త మెరక మీద నిలబెట్టాలి. నాలుగు కాళ్ళూ విడివిడిగా కనపడాలి. గంగడోలు మీద ఎండ ఓరగా పడాలి. ఇంతా చేశాక చెవులు నిక్కకపోతే అంతా దండగ.

ఆ చెవులు నిక్కేది పాలేరు నాలికతో 'టక్ టక్' మనిపిస్తేనే. ఆసామి పిలిస్తే గిత్త తిరిగి చూడదు. తెల్లారగట్ట లేచి పేడ తీసి, పిల్లిపెసర కోసుకొచ్చి, ఉలవలు ఉడకేసి, కుడితి పెట్టి, కాలవలో తోమేవాడి గొంతే దానికి తెలుసు. ఫోటోకి మాత్రం పలుపు ఆసామి చేతిలోకి మారేది. పాలేరు అవతలికి పోతే గిత్త బెదురుతుంది. అందుకని పక్కన ఉండనిచ్చి, తర్వాత చీకటి గదిలో కోసేయమనేవాళ్ళు.

మా అయ్య మాదిగపేట నుంచి వెళ్ళి ఏడాది జీతానికి పాలేరుతనం చేసేవాడు. ఒక ఏడు ఆయన మేపిన ఒంగోలు గిత్తకి మొదటి బహుమతి వచ్చింది. "ఆణ్ణి తీసెయ్యండి" అన్నాడు ఆసామి. స్టూడియో ఓనరు అలాగే ప్రింటు వేసిచ్చాడు. రాత్రి నేను ఆ నెగెటివుని మొత్తంగా వేసి చూశాను. నిట్టమధ్యాన్నం ఎండలో తెల్లటి ఒళ్ళు మాడిపోకూడదని 125 స్పీడు మీద 22 పెట్టి తీసిన ఫోటో అది. గిత్త మీద ప్రతి మడతా వచ్చింది. అయ్య మాత్రం తలపాగా, పళ్ళు, ఇంత నలుపు. ముఖం మీద వెలుగు పడకుండా చెయ్యి అడ్డం పెట్టి ఎన్నిసార్లు వేసినా లాభం లేకపోయింది. నెగెటివులో లేనిది కాగితం మీదకి ఎక్కణ్ణించి వస్తది?

గేదెల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. నల్లటి ఒంటి మీద నిగనిగ రావాలంటే 8కో, 5.6కో తెరవాలి. అప్పుడు పాలేరు ముఖం కూడా తేటగా వస్తుంది, ఆసామి తెల్లచొక్కా మాడిపోతుంది. తర్వాత అయ్య ముర్రా దున్నని పట్టుకొచ్చినప్పుడు నేనే తీశాను. నుదుటి మీద గీతలతో సహా వచ్చాడు. మా ఇంట్లో ఉన్న అయ్య ఫోటో అదొక్కటే.

ఇంకో సంగతుంది. మే నెలలో రాజమండ్రి నీళ్ళు కాగిపోతాయి కదా, ఐసు ముక్కలేసి చల్లార్చి గానీ ఫిల్ము కడిగేవాళ్ళం కాదు. వేడికి పైపూత మెత్తబడి ఊడొచ్చేది. ఆ పూత జెలటిన్, వెండి లవణాల్ని పట్టి ఉంచే జిగురు. పశువుల ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ తీస్తారు. ఆవు మేసిన ఆవ మొక్కల్లోని గంధకం వల్లే ఆ జిగురు వెలుగుని చురుగ్గా పట్టుకుంటుందని 1925లో కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త షెపర్డ్ కనిపెట్టాడు. జెలటిన్ కోసం నలగ్గొట్టిన ఎముకలు మన దేశం నుంచి విదేశాలకి వెళ్ళేవి. చచ్చిన గొడ్డుని ఊరవతలికి ఈడ్చింది మావాళ్ళు. తోలు ఒలిచింది మావాళ్ళు. ఆ పనికే మమ్మల్ని అంటరానోళ్ళన్నారు. దండేసి గోడకి తగిలించిన వాళ్ళ తాతగారి ఫోటో కాగితం మీదా ఆ జిగురే. దానికి అంటు లేదు!

ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే ఆ జాతి పశువు బ్రెజిల్ వెళ్ళి 'నెలోర్' అయింది. 1960ల మొదట్లో అక్కడికి వెళ్ళిన ఒక గిత్తని ప్రకాశం జిల్లా కరవది ఊరి పేరుతోనే ఈనాటికీ చెప్పుకుంటారు, దాని సంతతి లెక్కలు రాసి ఉంచుకున్నారు. మా స్టూడియో ప్రింట్ల వెనకా అంతే: గిత్త పేరు, జాతి, ఎన్ని పళ్ళు, ఆసామి పేరు, ఊరు. పాలేరుకి గడి లేదు.

స్టూడియో మూసేసినప్పుడు ఆ నెగెటివులు నేను తెచ్చుకున్నాను. కవర్ల మీద పాలేర్ల పేర్లు రాస్తున్నాను. ఊళ్ళకెళ్ళి, ప్రింటు చూపించి, తలపాగా కట్టునిబట్టో నిలబడ్డ తీరునిబట్టో పోల్చుకోమని ముసలాళ్ళని అడుగుతున్నాను. ఇప్పటికి పదకొండు పేర్లు దొరికాయి.