మోస్త్–హీద్

మోస్త్–హీద్ స్లొవేకియాలో 2009లో ఏర్పడిన రాజకీయ పార్టీ. స్లొవాక్ భాషలో ‘మోస్త్’ అన్నా, హంగేరియన్‌లో ‘హీద్’ అన్నా వంతెన అనే అర్థం. మెజారిటీ స్లొవాక్‌లు, మైనారిటీ హంగేరియన్లు ఒకే పార్టీలో, ఒకే అభ్యర్థుల జాబితాలో ఉండాలన్నది దీని మూల సూత్రం.

1920 నాటి ట్రియానోన్ ఒడంబడికతో కొత్త సరిహద్దు గీసినప్పుడు, డాన్యూబ్ ఉత్తరపు ఒడ్డున ఉన్న హంగేరియన్లు సొంత ఊళ్లు కదలకుండానే చెకొస్లొవేకియా పౌరులయ్యారు. 2011 జనగణన నాటికి స్లొవేకియాలో వారు 4,58,467 మంది, అంటే జనాభాలో సుమారు 8.5 శాతం. దునైస్కా స్త్రెదా, కొమార్నో వారి ప్రధాన పట్టణాలు. 1998 నుంచి వారి ప్రతినిధిగా ఉన్నది హంగేరియన్ కూటమి పార్టీ. దాని అధ్యక్షుడు బేలా బుగార్ 2007లో పాల్ చాకీ చేతిలో పదవి కోల్పోయి, రెండేళ్ల తర్వాత అనుచరులతో బయటికొచ్చి మోస్త్–హీద్‌ను స్థాపించారు. అదే ఏడాది రాజ్యభాషా చట్టాన్ని ఉల్లంఘిస్తే జరిమానా విధించే సవరణ వచ్చి, ఇరువర్గాల మధ్య అనుమానాలు బాగా ముదిరాయి. అలాంటి సమయంలో ఇద్దరూ ఒకే పార్టీలో ఉండాలన్న మాట ఎత్తడానికి ధైర్యం కావాలి.

2010 ఎన్నికల్లో పార్టీకి 8.12 శాతం ఓట్లు, 14 స్థానాలు దక్కాయి. పాత పార్టీ 5 శాతం గీత దాటలేక పార్లమెంటుకు దూరమైంది. ప్రధాని ఇవెతా రాదిచోవా ప్రభుత్వంలో పార్టీ తరఫున మైనారిటీల బాధ్యత చూసిన ఉపప్రధాని రూడోల్ఫ్ ఖ్మెల్ స్లొవాక్; హంగేరియన్ సాహిత్యంలో పండితుడు. పార్టీ ఆశయానికి ఇంతకంటే మంచి నిదర్శనం దొరకదు. ఆయన హయాంలోనే, 2011లో, కార్యాలయాల్లో మైనారిటీ భాష వాడకానికి కావలసిన స్థానిక జనాభా వాటాను 20 నుంచి 15 శాతానికి తగ్గించారు. వరుసగా రెండు జనగణనల్లో ఆ వాటా ఉండాలన్నది షరతు. అదే ఏడాది ప్రభుత్వం పడిపోయింది.

2012లో 13, 2016లో 11 స్థానాలు వచ్చాయి. 2016లో ప్రధాని రోబర్ట్ ఫిత్సో ప్రభుత్వంలో చేరడమే పార్టీని దెబ్బతీసింది. హంగేరియన్ వ్యతిరేకతకు పేరుపడ్డ స్లొవాక్ జాతీయ పార్టీ కూడా అందులో భాగస్వామి. సయోధ్య కోరే పార్టీ నిన్నటి ప్రత్యర్థితో కూర్చోవడం తప్పు కాదనే వాదన ఉంది. రైల్వేస్టేషన్లకు రెండు భాషల పేరుపలకలు, మైనారిటీ సంస్కృతికి ప్రత్యేక నిధి ఆ కాలంలోనే వచ్చాయి. వాటిని తక్కువ చేయలేం. అయినా ఫిత్సోను వద్దనుకుని ఈ పార్టీకి ఓటేసిన స్లొవాక్‌లు దీన్ని క్షమించలేదు.

2018 ఫిబ్రవరిలో పరిశోధక జర్నలిస్టు యాన్ కుత్సియాక్, కాబోయే భార్య మార్టినా కుష్నీరోవా హత్యకు గురైనప్పుడు దేశం వీధుల్లోకి వచ్చింది. పార్టీ మొదట ముందస్తు ఎన్నికలు కోరి, ఫిత్సో రాజీనామా తర్వాత ఆయన స్థానంలో ప్రధాని అయిన పెల్లెగ్రీని మంత్రివర్గంలో కొనసాగింది. ఆ వెనకడుగుతో మిగిలిన విశ్వాసమూ పోయింది.

2020లో 2.05 శాతం ఓట్లే వచ్చి పార్లమెంటులో చోటు పోయింది. 2021లో పాత ప్రత్యర్థి అయిన హంగేరియన్ కూటమి పార్టీతో సహా హంగేరియన్ పక్షాలు ఏకమై ‘అలియాన్సియా–సొవెత్షేగ్’ అనే కొత్త పార్టీగా మారాయి. 2023 ఎన్నికల్లో దానికి 4.38 శాతం ఓట్లు వచ్చాయి. ఒక్క స్థానమూ దక్కలేదు.