హైదరాబాదు ఫుట్‌బాలు వింగర్లు: రాయచూరు జిల్లానుండి ఒక పరిశీలనము

రాయచూరు జిల్లా చరిత్రను వ్రాయువారు కోటగోడలోని క్రీ.శ. 1294 నాటి శాసనముతో మొదలిడుదురు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆదిల్‌షాహీ సేనలపై సాధించిన విజయమును వర్ణింతురు. పిదప నైజాము పాలనమును కొన్ని పుటలలో దాటించి, 1956తో ముగింతురు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న ఈ సీమకొరకు బహమనీలును విజయనగరమువారును ఎన్నిమారులు పోరాడిరో లెక్కపెట్టిన చరిత్రకారులలో ఎవ్వరును ఫుట్‌బాలును ప్రస్తావింపలేదు. అది వారి దోషము కాదు. ఆటలను చరిత్రగా నెంచు నలవాటు మనకింకను పూర్తిగా రాలేదు. కాని ఒక రాష్ట్రము విడిపోయినపుడు పొలములు, కచేరీలు, కాగితములు మాత్రమే పంచబడవు. అభిమానము కూడ పంచబడును. రాయచూరు తెలుగువారి విషయమున ఆ పంపకము విచిత్రముగా జరిగినది.

1956 నవంబరు 1వ తేదీ వరకు రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. ఆ దినమున జిల్లాలోని గద్వాల, అలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశములో చేరినవి; తక్కిన భాగము మైసూరు రాష్ట్రమునకు పోయినది. గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారి అలంపురసీమ ఒకవైపును, రాయచూరు పట్టణములోని తెలుగు కుటుంబములు వేరొకవైపును నిలిచినవి. అంతవరకు ఈ రెండుచోట్లవారికిని ఫుట్‌బాలులో తమ రాష్ట్రజట్టు ఒక్కటే. అది సామాన్యమైన జట్టు కాదు. ఆ సంవత్సరములలో భారతదేశమున దానికి సాటివచ్చినవి రెండు మూడు మాత్రమే.

ఏ జట్టు అభిమానులైనను క్రొత్త ఋతువు మొదలగుటకు ముందు మాటలాడుకొను విషయము ఒకటి కలదు. ఈయేడు ముందువరుసలో ఎవరు నిలుతురు? అందును విశేషముగా ఎడమ కుడి ప్రక్కల ఎవరు పరుగెత్తుదురు? గోలుకీపరును గూర్చి ఎవరును అంతగా వాదింపరు. అతడు బంతిని పట్టెనా, విడిచెనా అన్నంతలో తీర్పు ముగియును. వింగరు విషయమట్లు కాదు. అతనిని గూర్చి ఎంత చెప్పినను ఇంకను మిగులును.

ఈ తర్కము నేటి పాఠకునకు అర్థమగుటకు ఆనాటి ఆట అమరికను కొంత తెలిసికొనవలెను. అప్పుడు ముందువరుసలో ఐదుగురు ఆడెడివారు. నడుమ సెంటర్ ఫార్వర్డు, అతని కిరువైపుల ఇన్‌సైడ్ రైటు, ఇన్‌సైడ్ లెఫ్టు, మైదానపు అంచుగీతలను ఆనుకొని ఔట్‌సైడ్ రైటు, ఔట్‌సైడ్ లెఫ్టు. ఈ చివరి ఇద్దరే వింగర్లు. వెనుకనుండు హాఫ్‌బాకులు బంతిని సంపాదించి ఇన్‌సైడులకో, నేరుగా వింగరుకో పంపెదరు. వింగరు గీతవెంట పరుగెత్తి, ఎదుటి రక్షకుని దాటి, బంతిని గోలుముందునకు ఎత్తివేయును. ఎదుటిపక్షము నడుమ భాగమున గుమిగూడి నిలిచినపుడు వారిని విడదీయువాడు అతడే. అందుచేత అతడు మైదానమున అందరికంటె ఒంటరివాడు. ప్రేక్షకులకు మాత్రము అందరికంటె సన్నిహితుడు. గీతప్రక్కనే నిలిచినవాని పేరు పిలిచి మెచ్చుకొనవచ్చును, తిట్టవచ్చును.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారు చూచు అచటి ఫుట్‌బాలు వేరొక ఆట. అందు బంతిని చేతితో విసరుదురు. దానిలోను గీతదగ్గర దూరముగా నిలిచి, పరుగెత్తి, విసరిన బంతిని అందుకొను ఆటగాడు కలడు. వైడ్ రిసీవరని అతని పేరు. ఋతువునకు ముందు అచటి అభిమానులును వీరిని గూర్చియే అధికముగా వాదింతురు. విసరువాడు సరిగా విసరనిచో అందుకొనువాని నేర్పు వ్యర్థమనుట అచటను సామాన్యముగా వినవచ్చు మాటయే. హైదరాబాదు ఆటచరిత్రను పరిశీలించునపుడు ఈ మాటను గుర్తుంచుకొనుట మేలు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు బొంబాయిలోని రోవర్సు కప్పును వరుసగా ఐదుమారులు గెలిచెను. 1891లో ఆరంభమైన ఆ పోటీలో అంతటి వరుస విజయము అపూర్వము. 1950లోనే డ్యూరాండు కప్పు తుదిపోటీలో మోహన్ బగాను జట్టును జయించెను. 1954, 1957 సంవత్సరములలో మరల డ్యూరాండు విజేత యయ్యెను. రాష్ట్రజట్టు మాత్రము సంతోష్ ట్రోఫీకై కొంతకాలము వేచియుండవలసి వచ్చెను. 1949, 1950 పోటీలలో తుదివరకు చేరి, రెండుమారులును బెంగాలు చేతిలో ఓడెను.

ఈ కాలముననే కలకత్తా ఈస్టు బెంగాలు జట్టులో ఐదుగురు ముందువరుస ఆటగాండ్రను అచటి ప్రజలు పంచపాండవులని పిలిచెడివారు. కుడి అంచున వెంకటేశు, అతని ప్రక్కన అప్పారావు, నడుమ ధనరాజు, పిదప అహమ్మదుఖాను, ఎడమ అంచున సాలే. ఐదుగురును దక్షిణదేశమువారే, అప్పారావు ఆంధ్రుడు, అహమ్మదుఖాను బెంగుళూరువాడు. 1949, 1950, 1951 సంవత్సరములలో వరుసగా ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలుచుటలో వీరి పాలు మిక్కిలి పెద్దది. 1952 డ్యూరాండు తుదిపోటీలో ఈస్టు బెంగాలు హైదరాబాదు పోలీసు జట్టును ఒక్క గోలుతో ఓడించెను. దక్షిణదేశపు జట్టును దక్షిణదేశపు ఆటగాండ్రే కలకత్తా పక్షమున నిలిచి ఓడించిరన్నమాట. హైదరాబాదు అభిమానుల తర్కమునకు ఇంతకంటె మేత అక్కరలేదు. మనకును వెంకటేశు వంటి ఔట్‌సైడ్ రైటు, సాలే వంటి ఔట్‌సైడ్ లెఫ్టు ఉన్నయెడల ఏమగును?

ఈ ప్రశ్న న్యాయమైనదే. బంతిని పాదమునకు అంటించుకొని ఇద్దరు ముగ్గురిని తప్పించుకొనిపోవు వింగరు కావలెనని ఒక పక్షము, వేగముగా పరుగెత్తి ఒక్క తాకుడుతో బంతిని నడుమకు పంపు వింగరు చాలునని మరొక పక్షము వాదించుట ఫుట్‌బాలు ఉన్న ప్రతిచోటను కలదు. మొదటివాడు కన్నుల పండువు. రెండవవాని విలువ ఆట ముగిసిన పిదపగాని తెలియదు. ఈ వాదమున హైదరాబాదునకు ఒక ప్రత్యేకత కలదు. అచట జట్టును తీర్చిదిద్దినవాడు రెండవ పక్షమువాడు. అతడు తన పక్షమును మాటలతో సమర్థించుటకంటె పోటీలు పెట్టి నేర్పుటకే పూనుకొనెను.

సయ్యదు అబ్దుల్ రహీము 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రుడు; కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, చాదరుఘాటు ఉన్నత పాఠశాలలోను ఉపాధ్యాయుడుగా పనిచేసెను. రహీం సాహెబని జనులు పిలిచినది ఇతనినే. 1950 నుండి పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకుడయ్యెను. ఉపాధ్యాయుని పద్ధతి అతనిని ఎన్నడును విడువలేదు. డ్రిబ్లింగు చేయరాదను నియమముతో ఒక పోటీ, బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో మరొక పోటీ నడిపెను. చూచువారికి ఇవి వినోదములుగా తోచియుండవచ్చును. వింగరు దృష్టితో ఆలోచించినచో వీని ప్రయోజనము స్పష్టము. కుడికాలు మాత్రమే పనిచేయువాడు ఎడమ అంచున నిలిచినపుడు బంతిని ఎత్తివేయుటకు ముందు లోపలికి తిరుగవలసి వచ్చును. ఆ తిరుగుటలో రెండు క్షణములు పోవును. ఆ రెండు క్షణములలో ఎదుటి రక్షకులు గోలుముందు చేరుకొందురు. రెండు కాళ్ళును పనిచేయువానికి ఈ చిక్కు లేదు. ఒక్క తాకుడుతో బంతిని పంపుట నేర్చిన హాఫ్‌బాకు, వింగరు పరుగు మొదలిడినప్పుడే బంతిని అతని ముందునకు పంపగలడు. వింగరు గొప్పవాడుగా కనబడుటకు సగము కారణము ఈ వెనుకటివాడు.

ఈ మాటకు భారత జట్టు నిర్మాణమే సాక్ష్యము. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతదేశము ఇరానుపై ఒక్క గోలుతో, మేవాలాలు కొట్టిన గోలుతో, స్వర్ణపతకము గెలిచెను. శిక్షకుడు రహీము. తన నగరపు జట్టునుండి అతడు తీసికొన్నవారిలో నూర్ మహమ్మదు, అజీజుద్దీను కలరు. మొదటివాడు హాఫ్‌బాకు, రెండవవాడు రక్షకుడు. అంచులలో ఆడుటకు ఈస్టు బెంగాలునుండి వెంకటేశును, సాలేను పిలిచెను. తన నగరముపై మమకారము లేకకాదు. ఎవరిలో ఏది కలదో అతడెరిగియుండెను. 1956 మెల్‌బోర్ను ఒలింపికులలోను ఇంచుమించు ఇట్లే జరిగినది. కుడి అంచున ప్రదీపకుమార్ బెనర్జీ బెంగాలునుండి వచ్చినవాడు. వెనుక నూర్ మహమ్మదు, అజీజుద్దీను, అహమ్మద్ హుస్సేను మొదలగు హైదరాబాదువారు. ముందువరుసకు హైదరాబాదు ఇచ్చినవారిలో బలరాము, జుల్ఫికారుద్దీను అను ఇద్దరు యువకులు కలరు. హైదరాబాదు అభిమానులు తమ వింగర్లను గూర్చి ఎంత వాదించినను, దేశము హైదరాబాదునుండి మిక్కిలిగా కోరినది వింగర్లకు బంతిని అందించువారిని. వాదమున ఈ సంగతికి తగిన చోటు లభించినట్లు తోచదు. లభింపకపోవుట సహజమే, హాఫ్‌బాకును చూచుటకు ఎవరును టిక్కెట్టు కొనరు.

1952 హెల్సింకి ఒలింపికులను గూర్చియు ఒక మాట చెప్పవలెను. అచట యుగోస్లావియా భారతదేశమును పదింటికి ఒక్క గోలుగా ఓడించెను. మన ఆటగాండ్రలో పలువురు బూట్లు లేకుండ, చలిదేశపు మైదానముపై ఆడిరి. ఎండిన నేలపై ఉత్తపాదములతో చురుకుగా మలుపు తిరుగు వింగరు తడిసిన పచ్చికపై జారిపోవును. ఆ పరాజయము పిదపనే బూట్లు తప్పనిసరి యయ్యెను. మరుసటి యేడు హంగేరీ జట్టు ఇంగ్లండును వెంబ్లీలో 6-3 గోలులతో ఓడించి, సెంటర్ ఫార్వర్డును వెనుకకు దించి ఆడు పద్ధతిని లోకమునకు చూపెను. రహీము ఆ మార్గమును శ్రద్ధతో గ్రహించినవారిలో ఒకడు. నడుమనున్నవాడు వెనుకకు దిగినపుడు అంచుననున్నవాడు లోపలికి చొచ్చుకొనిపోవుటకు త్రోవ ఏర్పడును. వింగరనగా గీతకు కట్టుబడినవాడను పాతభావము ఇక్కడినుండి సడలినది.

ఇపుడు మరల 1956కు రావలెను. నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము లేకపోయెను. సరిగా నెలదినములకు, డిసెంబరు 1న, మెల్‌బోర్నులో భారతదేశము ఆస్ట్రేలియాను 4-2తో జయించెను. నెవిల్ డిసౌజా మూడు గోలులు కొట్టెను. ఒలింపికు ఫుట్‌బాలులో ఆసియావాడొకడు ఆ ఘనతను సాధించుట అదియే మొదలు. జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్టులోని హైదరాబాదు ఆటగాండ్రు నెల క్రిందటివరకు రాయచూరువారికిని స్వరాష్ట్రీయులు. ఇంకొక విచిత్రము, రాష్ట్రము పోయినను ఫుట్‌బాలు సంఘము పేరు వెంటనే మారలేదు. 1956, 1957 సంతోష్ ట్రోఫీలలో హైదరాబాదు పేరుతోనే జట్టు దిగి, రెండుమారులును బొంబాయిని ఓడించి విజేత యయ్యెను. ఏడెనిమిదేండ్లుగా చేతికందక పోయిన కప్పు ఎట్టకేలకు వచ్చెను. గద్వాలలోని అభిమానికి అది తన విజయము. కొలది మైళ్ళ దూరముననున్న రాయచూరులోని అతని బంధువునకు, పటముప్రకారము, అది పొరుగురాష్ట్రపు విజయము. 1952లో సంతోష్ ట్రోఫీ గెలిచిన మైసూరు జట్టు ఇపుడతని జట్టు. కాని అది గెలిచిననాడు అతడు పరాయిపక్షమువాడు.

తులసీదాసు బలరాము కథ ఈ సందర్భమున చెప్పదగినది. సికింద్రాబాదు సమీపమున తమిళ కుటుంబమున 1936లో పుట్టి, రహీము చేతిలో తీర్చబడినవాడు. ఇన్‌సైడు లెఫ్టుగాను, ఎడమ అంచునను సమానమైన నేర్పుతో ఆడెడివాడు. మేటి ముందువరుస ఆటగాడు హైదరాబాదున పుట్టడేమను వాదమునకు అతడే సమాధానము. ఆ సమాధానము హైదరాబాదున నిలువలేదు. 1957లో అతడు ఈస్టు బెంగాలులో చేరెను. కలకత్తా క్లబ్బులలో కీర్తియు, ధనమును ఉండెను. మన నగరములలో పోలీసు ఉద్యోగము ఉండెను. ఋతువు మొదలిడుటకు ముందు అభిమానుల తర్కమున సగము ఎవరు ఆడుదురన్నది కాగా, సగము ఎవరు వెడలిపోవుదురన్నది. అయినను బలరాము వెడలిన 1957లోనే పోలీసు జట్టు రోవర్సు, డ్యూరాండు కప్పులను రెండింటిని గెలిచెను. పేర్లు పోయినను శిక్షణము నిలిచియుండెను.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారతదేశము రెండవమారు ఆసియా స్వర్ణము పొందెను. బెనర్జీ, జర్నయిల్ సింగు గోలులు కొట్టిరి; బలరాము, యూసుఫ్‌ఖాను ముందువరుసలో ఆడిరి. రహీము అప్పటికే వ్యాధిగ్రస్తుడు. 1963 జూను 11న మరణించెను. బలరాము ఆ సంవత్సరమే అనారోగ్యముచేత ఆట విరమించెను.

1965లో ఆంధ్రప్రదేశము సంతోష్ ట్రోఫీ గెలిచెను. ఆ పిదప ఆ కప్పు హైదరాబాదునకు రాలేదు. 1967, 1968 సంవత్సరములలో మైసూరు గెలిచెను. రాయచూరులోని పాతతరపు తెలుగు అభిమాని 1956, 1957, 1965, 1967, 1968 అను ఈ ఐదు విజయములలో చట్టప్రకారము చివరి రెండింటినే తనవని చెప్పుకొనవచ్చును. గద్వాలవారు మొదటి మూడింటిని చెప్పుకొందురు.