ఏప్రిల్ 14 వెనక ఒక ఓడ

ఏటా ఏప్రిల్ 14 ఉదయం అగ్నిమాపక కేంద్రాల్లో ఒక చిన్న సభ జరుగుతుంది. సిబ్బంది యూనిఫాంలో వరసగా నిలబడతారు. స్తూపం ఉన్నచోట స్తూపానికి, లేనిచోట ఒక పటానికి పూలమాల వేస్తారు. చాలాచోట్ల రిటైరైన ఫైర్‌మన్‌లు, లీడింగ్ ఫైర్‌మన్‌లు, డ్రైవర్ ఆపరేటర్లు కూడా వచ్చి పాత సహోద్యోగుల పక్కన నిలబడతారు. రెండు నిమిషాల మౌనం తర్వాత అగ్నిమాపక వారోత్సవాలు మొదలవుతాయి. అదే రోజు అంబేడ్కర్ జయంతి. ఊరి దృష్టంతా సహజంగానే ఆ వేడుక మీద ఉంటుంది. స్టేషన్ ఆవరణలో జరిగే ఈ సభ సంగతి వీధి చివరివాళ్లకు కూడా తెలియదు.

1944లో ఇదే రోజున బొంబాయి రేవులో ఒక ఓడ తగలబడింది. ఆ మంటలు ఆర్పబోయి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. సభకు మూలం అదే. ఆ ఓడ కథలో ప్రతి గోదాము యజమానీ, ప్రతి అపార్ట్‌మెంటువాసీ తెలుసుకోవాల్సింది ఉంది.

ఒకే ఓడలో పత్తీ, బాంబులూ

ఓడ పేరు ఫోర్ట్ స్టికీన్. బరువు ఏడు వేల టన్నుల పైమాటే. 1942లో కెనడాలో కట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, 1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుంచి బయల్దేరింది. జిబ్రాల్టర్, పోర్ట్ సయీద్, కరాచీల మీదుగా ఏప్రిల్ 12న బొంబాయి చేరి విక్టోరియా డాక్‌లో లంగరు వేసింది.

బయల్దేరేటప్పుడే దాంట్లో సుమారు 1,400 టన్నుల మందుగుండు ఉంది. టార్పెడోలు, మందుపాతరలు, ఫిరంగి గుండ్లు అందులో భాగం. వాటితో పాటు విడిభాగాలుగా పెట్టెల్లో పెట్టిన స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు, బంగారు కడ్డీలు కూడా ఉన్నాయి. 31 పెట్టెల్లో సర్దిన ఆ కడ్డీలు ఒక్కొక్కటీ పన్నెండున్నర కిలోల పైనే తూగుతాయి.

కరాచీలో వేల బేళ్ల పత్తి, నూనె పీపాలు ఎక్కించారు. పంజాబ్, సింధ్‌ల పత్తిని బొంబాయికి రైలులో పంపడంపై అప్పట్లో నిషేధం ఉండటంతో పత్తి ఓడ దారి పట్టింది. మందుగుండు పక్కన పత్తి, నూనె పెట్టడం ప్రమాదమని కెప్టెన్ అలెగ్జాండర్ నైస్మిత్ అభ్యంతరం చెప్పి, దాన్ని రాతపూర్వకంగా నమోదు చేశాడు. ఆ అభ్యంతరం కాగితం మీదే ఉండిపోయింది. యుద్ధంలో ఓడలు తక్కువ, సరుకులు ఎక్కువ. ఖాళీ కనిపించిన చోటల్లా ఏదో ఒకటి నింపారు.

పత్తి బేళ్లకు నిప్పంటుకుంటే ఏమవుతుందో గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల్లో పనిచేసినవారికి చెప్పక్కర్లేదు. గట్టిగా బిగించిన బేలు పైకి మండకుండా లోలోపలే కాలుతుంది. పైన పోసిన నీరు లోపలికి దిగదు. ఆరిందనుకున్నాక, గంటల తర్వాత మళ్లీ రాజుకుంటుంది. ఫోర్ట్ స్టికీన్‌లో రాజుకున్నది ఇలాంటి నిప్పే.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు

ఏప్రిల్ 14 మధ్యాహ్నం సుమారు రెండు గంటలకు ఓడ రెండో అరలో నిప్పు ఉందని గుర్తించారు. ఎవరో కాల్చి పారేసిన సిగరెట్టో బీడీయో కారణమని అనుమానం. శత్రువుల కుట్ర అన్న పుకారు గట్టిగా వినిపించినా, విచారణ దాన్ని ప్రమాదంగానే చూసింది.

ఓడ సిబ్బంది, రేవు అగ్నిమాపక దళం, నీళ్లు చిమ్మే పడవలు, ఆ తర్వాత బొంబాయి ఫైర్ బ్రిగేడ్ రంగంలోకి దిగారు. 900 టన్నులకు పైగా నీరు ఆ అరలోకి పోశారు. దట్టమైన పొగలో నిప్పు ఎక్కడుందో కనిపించలేదు. పోసిన నీరు ఓడలోనే మరగడం మొదలైంది.

ప్రమాదకరమైన సరుకు ఉన్న ఓడ ఎర్ర జెండా ఎగరేయాలి. ఈ ఓడ మీద ఆ జెండా లేదు. యుద్ధ రహస్యం పేరుతో సరుకు వివరాలు కొద్దిమందికే తెలుసు. చుట్టుపక్కల ఓడలవాళ్లు, గోదాముల్లో పనిచేస్తున్న కూలీలు, గోడ అవతలి బస్తీల జనం పొగ చూస్తూ మామూలు నిప్పే అనుకున్నారు. ఫైర్ బ్రిగేడ్‌కు అసలు విషయం ఓడ దగ్గరికి వచ్చాకే తెలిసింది. ఓడను ఉన్నచోటే ముంచాలా, సముద్రంలోకి లాక్కెళ్లాలా అని అధికారుల మధ్య తర్జనభర్జన జరిగింది. ఏదో ఒకటి గట్టిగా తేల్చి చెప్పినవారు లేరు. ఆ రెండు గంటలూ ఫైర్‌మన్‌లు ఓడ మీద, గట్టు మీద గొట్టాలు పట్టుకునే నిలబడ్డారు.

మధ్యాహ్నం 3.50కి ఓడ వదిలి వెళ్లిపొమ్మని ఉత్తర్వు వచ్చింది. 4.06కి ఓడ పేలి రెండు ముక్కలైంది. పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఇళ్ల కిటికీ అద్దాలు కూడా పగిలాయి. సుమారు పద్నాలుగు వందల కిలోమీటర్ల అవతల సిమ్లాలోని భూకంప మాపకాలు ఆ అదురును నమోదు చేశాయి. మరో అరగంటకు రెండోసారి పేలింది. మండుతున్న పత్తి రేవు పక్క బస్తీల మీద నిప్పుల వానగా కురిసింది. కెప్టెన్ నైస్మిత్ బతకలేదు. చుట్టుపక్కల పదకొండు ఓడలు మునిగిపోయాయి, లేదా మునిగే స్థితికి వచ్చాయి.

మృతుల సంఖ్యపై లెక్కలు కలవవు. ఎనిమిది వందల నుంచి పదమూడు వందల దాకా అంచనాలున్నాయి. సుమారు ఎనభై వేల మంది నిలువ నీడ కోల్పోయారు. మంటలు అదుపులోకి రావడానికి మూడు రోజులు పట్టింది. ఎనిమిది వేల మంది కూలీలు ఏడు నెలలు కష్టపడి, సుమారు అయిదు లక్షల టన్నుల శిథిలాలు ఎత్తిపోస్తేగాని రేవు మళ్లీ పనిలోకి రాలేదు. పేలుడుకు ఎగిరిన ఒక బంగారు కడ్డీ దూరాన ఒక పార్సీ పెద్దమనిషి ఇంట్లో పడితే, ఆయన దాన్ని ప్రభుత్వానికి అప్పజెప్పాడు. రేవులో పూడిక తీస్తున్నప్పుడు దశాబ్దాల తర్వాత కూడా కొన్ని కడ్డీలు దొరికాయి.

వార్తను కొన్ని వారాలు తొక్కిపెట్టారు. జపాన్ చేతిలో ఉన్న సైగాన్ రేడియో మర్నాడే ప్రపంచానికి చెప్పినా, మన పత్రికలు రాయడానికి మే రెండో వారం దాకా అనుమతి రాలేదు. ఆ ఫైర్‌మన్‌ల త్యాగం సంగతి దేశానికి అప్పటికప్పుడు తెలియనే లేదు.

నివాళి నుంచి వారోత్సవానికి

బైకలాలోని బొంబాయి ఫైర్ బ్రిగేడ్ ప్రధాన కార్యాలయంలో ఆ మృతుల పేరిట స్మారకం ఉంది. మొదట అది ఒక దళం తన మనుషులను తలుచుకునే చోటు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నివాళి కేంద్ర హోంశాఖ మార్గదర్శనంలో దేశమంతటికీ విస్తరించి, ఏప్రిల్ 14 అగ్నిమాపక సేవా దినమైంది. 14 నుంచి 20 వరకు వారోత్సవాలయ్యాయి.

అప్పట్లో అగ్నిమాపక సేవ అంటే దేశమంతటా ఒకటి కాదు. బొంబాయి, కలకత్తా, మద్రాసులకు సొంత దళాలుండేవి. చాలా పట్టణాల్లో పోలీసులో, మున్సిపాలిటీయో ఏదో ఒక ఏర్పాటు చేసుకునేవారు. గొట్టాల బిగింపుల కొలతలు కూడా ఒకచోటివి ఇంకోచోట కలిసేవి కావు. అందరికీ ఒకే శిక్షణ ఉండాలని 1956లో జాతీయ అగ్నిమాపక కళాశాల పెట్టారు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో మొదలైన ఆ కళాశాల మరుసటి ఏడాది నాగపూర్‌కు మారింది. మన రాష్ట్రాల అధికారులెందరో అక్కడ చదువుకున్నవారే. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ అగ్నిమాపక సేవను పురపాలక బాధ్యతల జాబితాలో చేర్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో అగ్నిమాపక సేవకు ప్రత్యేక చట్టం చేసుకుంది.

ఎండలు ముదిరే నెలలో ఈ వారం రావడం తెలుగు నేలకు ఎంతో అవసరమైంది. ఏప్రిల్, మే నెలల్లో వడగాడ్పులు మొదలయ్యేసరికి పూరిళ్లు, గడ్డివాములు తగలబడతాయి. ఒక ఇంట్లో పొయ్యి నిప్పు ఎగిరితే వీధి వీధంతా బూడిదైన సందర్భాలు కోస్తా పల్లెల్లో ఉన్నాయి. ఆ వారమంతా సిబ్బంది బడికీ, ఆసుపత్రికీ, పెట్రోలు బంకుకీ, గ్యాస్ గోదాముకీ వెళ్తారు. కరపత్రాలు పంచుతారు. సిలిండర్ మండితే తడి గోనెసంచి ఎలా కప్పాలో చేసి చూపిస్తారు. 101కి ఫోను చేసి చిరునామా ఎలా చెప్పాలో పిల్లలకు నేర్పుతారు.

పెద్దవాళ్లకు తెలిసినవి

ఏప్రిల్ 14 సభకు వచ్చే రిటైర్డ్ సిబ్బందిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పడంతో సరిపెట్టుకోకూడదు. వాళ్ల బుర్రల్లో ఊరి పటం ఉంది.

మన దగ్గర మామూలు ఫైరింజన్ ట్యాంకులో 4,500 లీటర్ల నీరు పడుతుంది. పంపు నిమిషానికి 1,800 లీటర్లు చిమ్మగలదు. పూర్తిగా తెరిస్తే రెండున్నర నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ఆ తర్వాత నీళ్లెక్కడివి? ఏ చెరువు గట్టు దాకా బండి వెళ్తుంది, ఏ రైసు మిల్లులో పెద్ద తొట్టి ఉంది, ఏ సందులో కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి, ఏ గోదాముకు వెనక తలుపు ఉంది అన్నవి ముప్పై ఏళ్లు బండెక్కినవాళ్లకు కంఠోపాఠం. రిజిస్టరులో లేని ఈ సంగతులు వాళ్లు ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజు వాళ్లతోనే వెళ్లిపోతాయి. కొత్తగా చేరిన ఫైర్‌మన్ వాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకోవడానికి ఏడాదిలో ఉన్న మంచి రోజు ఏప్రిల్ 14.

లోపల ఏముంది?

బొంబాయి ఒంటరి కథ కాదు. 1917 డిసెంబర్ 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ మోన్ బ్లాంక్ మండుతుంటే ఆర్పడానికి వెళ్లి తొమ్మిది మంది ఫైర్‌మన్‌లు చనిపోయారు. ఆ ఓడ మీదా హెచ్చరిక జెండా లేదు. బొంబాయి ప్రమాదం జరిగిన మూడేళ్లకు, 1947 ఏప్రిల్ 16న, అమెరికాలోని టెక్సస్ సిటీలో అమ్మోనియం నైట్రేట్ నింపిన గ్రాండ్‌క్యాంప్ ఓడ పేలింది. ఎరువే కదా అనుకుని దగ్గరికి వెళ్లిన ఆ ఊరి అగ్నిమాపక దళంలో ఒక్కరు తప్ప అందరూ పోయారు. 2015లో చైనాలోని తియాన్‌జిన్ రసాయన గోదాము పేలుళ్లలో చనిపోయిన 173 మందిలో సగానికి పైగా అగ్నిమాపక సిబ్బందే. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో పేలుడుకు ముందు మంటలు ఆర్పడానికి పదిమంది దళాన్ని పంపినప్పుడు, ఆ తలుపు వెనక 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అన్నిటా ఒకటే లోపం. లోపల ఏముందో తెలిసినవాళ్లు వేరు, గొట్టం పట్టుకుని లోపలికి వెళ్లినవాళ్లు వేరు. నిప్పును ఎదుర్కోవడం ఫైర్‌మన్ వృత్తి. దాచిన సరుకును ఎదుర్కోవాల్సి రావడం అతనికి జరిగే అన్యాయం.

ఇది మనకు దూరపు మాట కాదు. బేరూత్ పేలుడు తర్వాత చెన్నై దగ్గర ఎప్పుడో 2015లో పట్టుబడి నిల్వ ఉన్న దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ గుర్తుకొచ్చి, వేలంలో అమ్మి హైదరాబాద్‌కు లారీల్లో తరలించారు. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము తగలబడి పదకొండు మంది బిహారీ కార్మికులు చనిపోయారు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో జనం కాపురముంటున్న భవనం కింద రసాయనాల డ్రమ్ములు పెట్టడంతో పై అంతస్తుల్లో ప్రాణాలు పోయాయి.

భోపాల్ గ్యాస్ విషాదం తర్వాత చట్టాలు వచ్చాయి. ప్రమాదకర రసాయనాల నిల్వపై 1989లో నిబంధనలు చేశారు. రసాయనాలు మోసే ట్యాంకర్ల మీద పదార్థం గుర్తు, దాని అంతర్జాతీయ సంఖ్య, ఆపదలో ఫోను చేయాల్సిన నంబరు రాసి ఉండాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. రోడ్డు మీద వెళ్లే లారీకి ఆ పలక ఉంది. మన వీధిలో తాళం వేసిన షట్టర్‌కు లేదు.

ఏప్రిల్ 14ను నిజంగా పాటించాలంటే చేయాల్సిన పని ఆ షట్టర్ దగ్గర మొదలవుతుంది. ప్రతి గోదాము, ప్రతి సెల్లారు, ప్రతి చిన్న కార్ఖానా తమ దగ్గర ఏముందో, ఎంతుందో, ఎక్కడ పెట్టారో ఒక కాగితం మీద తెలుగులో రాసి, దగ్గర్లోని అగ్నిమాపక కేంద్రానికి ఇవ్వాలి. సరుకు మారినప్పుడల్లా ఆ కాగితమూ మారాలి. అపార్ట్‌మెంటు సంఘాలు కింది అంతస్తులో ఏం నిల్వ చేస్తున్నారో అడిగి తెలుసుకోవాలి. వారోత్సవాల్లో కరపత్రం తీసుకున్న చేత్తోనే ఆ కాగితం తిరిగి ఇవ్వడం ఆనవాయితీ కావాలి. ఫైరింజన్ గేటు దాటకముందే, ఎదుర్కోబోయేది ఏమిటో అందులో కూర్చున్నవాళ్లకు తెలియాలి. 1944లో బొంబాయి ఫైర్‌మన్‌లకు ఆ సంగతి ఓడ దగ్గరికి వచ్చాకే తెలిసింది. మన సిబ్బందికి అది ముందే తెలిసేలా చేయడమే ఆ 66 మందికి అసలైన నివాళి.