‘హుట్స్‌పా’ అర్థనిర్ణయం: లియో రాస్టెన్ వాదంపై ఒక ఆక్షేపణ

యిడ్డిష్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ‘హుట్స్‌పా’ (తెగించిన పొగరు) గురించి ఇంగ్లీషులో ఎవరు రాసినా లియో రాస్టెన్ చెప్పిన కథను ఎత్తుకోక మానరు. తల్లిదండ్రులను చంపినవాడు న్యాయమూర్తి ముందు నిలబడి, అనాథనయ్యాను, కనికరించమని వేడుకుంటాడు. 1968లో ఆయన ‘ద జాయ్స్ ఆఫ్ యిడ్డిష్’ వెలువడింది మొదలు ఈ చమత్కారమే నిర్వచనంగా చలామణీ అవుతోంది. కథతో నాకు పేచీ లేదు. దానికి ఆయన జోడించిన పర్యాయపదాలతోనూ, మరే భాషలోనూ దీనికి సాటి మాట లేదన్న తీర్పుతోనూ ఉంది.

ఆ పర్యాయపదాల్లో గాల్ అంటే పిత్తం. నర్వ్ నరం. గట్స్ పేగులు. ఎఫ్రంటరీకి మూలమైన లాటిన్ ‘ఫ్రోన్స్’ నుదురు. సిగ్గుతో కందే నుదురు లేనివాడు ‘ఎఫ్రోన్స్’. ఇదే కోవకు చెందిన ‘చీక్’ చెంప. ఇవన్నీ పొగరును మనిషి ఒంట్లో వెతికే మాటలు. ఒంటరిగా కూర్చున్నవాడికైనా ఇవి ఉండవచ్చు. హుట్స్‌పా పుట్టాలంటే మాత్రం ఇవ్వగలవాడో శిక్షించగలవాడో ఎదుట ఉండాలి. రాస్టెన్ కథలోంచి న్యాయమూర్తిని తీసేస్తే మిగిలేది హత్య ఒక్కటే.

యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లోని సన్‌హెడ్రిన్ భాగంలో దీనికి గట్టి ఆధారం ఉంది. సంఖ్యాకాండం 22వ అధ్యాయంలో మోయాబు రాజు బాలాకు పంపిన దూతల వెంట వెళ్లవద్దని దేవుడు ప్రవక్త బిలాముకు ఆజ్ఞాపిస్తాడు. దూతలు మళ్లీ వస్తారు, బిలాము మళ్లీ అడుగుతాడు, ఈసారి దేవుడు వెళ్లమంటాడు. హుట్స్‌పా పరలోకం ముందు కూడా ఫలిస్తుందని ఒక రబ్బీ దీన్నిబట్టి తేల్చాడు. అక్కడే మరో రబ్బీ దాన్ని కిరీటం లేని రాజ్యాధికారంగా లెక్కగట్టాడు.

ఈ మాటను 1892లోనే ‘చిల్డ్రన్ ఆఫ్ ద ఘెట్టో’ నవలలో వాడిన ఇజ్రాయెల్ జాంగ్‌విల్, రెండేళ్లకు ‘ద కింగ్ ఆఫ్ ష్నోరర్స్’ రాశాడు. అందులో ధనికుడు గ్రోబ్‌స్టాక్ కాగితప్పొట్లాల్లో నాణేలు చుట్టి బిచ్చగాళ్లకు పంచుతాడు. మనాసె డ కోస్టా చేతికి ఖాళీ పొట్లం వస్తుంది. అతడు దాతనే నిలదీస్తాడు. దానం తన హక్కని వాదించి అతని ఇంటి భోజనాల బల్ల దాకా వెళతాడు. 1972లో జార్జియా అప్పీళ్ల కోర్టు తీర్పులోకి హుట్స్‌పా ఎక్కిన సందర్భమూ అలాంటిదే: దొంగలు పడింది సాక్షాత్తు షెరీఫ్ కార్యాలయంలో. మన ప్రేక్షకులకు దీన్ని ‘చుట్స్‌పా’గా పరిచయం చేసిన ‘హైదర్’ (2014) సినిమాలో దానికి ప్రాస కలిపింది సైన్యానికి ప్రత్యేకాధికారాలిచ్చే ఆఫ్‌స్పా చట్టంతో.

మిష్నాలోని సోతా భాగం మెస్సీయ రాకకు ముందు ప్రబలే చెడుగుల్లో హుట్స్‌పాను చేర్చిందనవచ్చు గానీ, అక్కడా పిన్నలు పెద్దలను అవమానిస్తారన్న మాట పక్కనే ఉంది; అంటే అక్కడా ఎదుట ఒక పెద్ద ఉన్నట్టే.

ఇంగ్లీషు ఈ మాటను అరువు తెచ్చుకున్నది లోటు పూడ్చుకోవడానికే. ఏలినవారి భాషకు ఎదురుపక్షాన్ని గుర్తుచేసే మాట అక్కర్లేదు. అధికారం ముందు చేయి చాచక తప్పని ప్రతి జాతి భాషలోనూ ఇలాంటి మాట ఒకటి ఉండి తీరుతుంది. రాస్టెన్ తీర్పు అక్కడే వీగిపోతుంది.